డబ్బా కాఫీని దాని లెక్కలోనే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

తాజా కాఫీకి జపాన్ డబ్బా కాఫీ, అంటే తాగడానికి సిద్ధంగా డబ్బాలో నింపి అమ్మే కాఫీ, సులువైన ప్రత్యామ్నాయమని చెబుతూ మీ పత్రిక ప్రచురించిన వ్యాసం చదివాను. సౌకర్యం గురించి వ్యాసకర్త రాసినదానితో నాకు పేచీ లేదు. చలికాలంలో రైల్వే ప్లాట్‌ఫారం మీది యంత్రంలో నాణేలు వేసి, చేతులు వెచ్చబడే డబ్బాను అందుకోవడం నిజంగా హాయిగానే ఉంటుంది. అయితే ఆ సౌకర్యం కోసం రుచిలో ఏం వదులుకుంటున్నామో వ్యాసంలో ఎక్కడా లేదు.

పాలు కలిపిన కాఫీ నెలల తరబడి చెడకుండా ఉండాలంటే, డబ్బాకు మూత బిగించాక దానిని దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వేడిలో చాలాసేపు ఉంచవలసి వస్తుంది. అప్పుడే దించిన డికాక్షన్‌కు ఉండే పరిమళం ఆ వేడికి చాలావరకు పోతుంది. ఆ వేడిలో కాఫీ పులుపెక్కి పాలు విరగకుండా సోడియం బైకార్బొనేట్ (వంటసోడా) వంటివి చేరుస్తారు. యంత్రంలో డబ్బాలు 55 డిగ్రీల దగ్గర వెచ్చగా ఉంటాయి కనుక, ఆ వేడిలోనూ పెరగగల బ్యాక్టీరియాను అణచడానికి ప్రత్యేకమైన ఎమల్సిఫయర్‌ను (కొవ్వు, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాన్ని) కూడా కలుపుతారు. ఇన్ని దశలు దాటి వచ్చినదానిలో తాజా కాఫీ రుచిని వెతకడం న్యాయం కాదు. 1969లో జపాన్ కాఫీ సంస్థ యూసీసీ డబ్బాలో నింపి అమ్మి, మరుసటి ఏడాది ఒసాకా ప్రపంచ ప్రదర్శనతో జనానికి చేరువ చేసినది కూడా తియ్యటి పాల కాఫీయే.

కొత్తగా రుచి చూడదలచినవారు ముందుగా డబ్బా మీది వర్గీకరణను చూడాలి. జపాన్ నిబంధనల ప్రకారం, 100 గ్రాముల పానీయంలో కనీసం 5 గ్రాముల పచ్చి గింజలకు సరిపడా కాఫీ ఉంటేనే దానిని 'కాఫీ' అనాలి. రెండున్నర నుంచి ఐదు గ్రాముల లోపయితే 'కాఫీ పానీయం' అని, ఒకటి నుంచి రెండున్నర గ్రాముల లోపయితే 'కాఫీ కలిసిన శీతల పానీయం' అని రాయాలి. చక్కెర తక్కువన్న డబ్బాలు కూడా మన నాలుకకు తీపిగానే తోచవచ్చు కనుక, మొదట చక్కెర, పాలు లేని బ్లాక్ డబ్బాతో మొదలుపెట్టడం మేలు.

పైగా, అప్పటికప్పుడు గింజలు మరపట్టి కప్పులోకి దించే యంత్రాలను సెవెన్-ఎలెవెన్ దుకాణాలు 2013 నుంచి జపాన్ అంతటా పెట్టాయి. తాజాదనమూ సౌకర్యమూ రెండూ కోరేవారికి ఆ కప్పే దగ్గరి దారి. ప్రత్యామ్నాయాల గురించి రాసిన వ్యాసం దానిని ప్రస్తావించకపోవడం పెద్ద లోటు.

ఇట్లు,
ఒక పాఠకురాలు