సెవెన్ బండి ఇంజిన్ సంగతి: ఎందుకు మార్చాను, ఎందుకు ఆలస్యమైంది

అడ్వాన్సు కట్టి ఎదురుచూస్తున్న నలుగురికీ, ఫోన్ చేసి అడుగుతున్న మిగతావాళ్లకీ కలిపి రాస్తున్నాను. దసరాకి ఇస్తానన్న మొదటి బండి దసరాకి రాదు, సంక్రాంతికి వస్తుంది. "ఏటి బాబూ, ఎప్పుడడిగినా ఇదే మాట" అన్నారు నిన్న ఇచ్ఛాపురం పెద్దాయన. ఆయన అనడంలో తప్పు లేదు. జరిగింది జరిగినట్టు చెప్తాను.

మనం కడుతున్నది లోటస్ సెవెన్ అనే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు పోలిక బండి. లోటస్ కంపెనీ పెట్టిన కాలిన్ చాప్‌మన్ 1957లో తెచ్చిన ఆ కారు బరువు సుమారు 500 కిలోలు. తొలి బండ్లలో 1172 సీసీ ఫోర్డ్ ఇంజిన్ ఉండేది, దాని శక్తి మహా అయితే 40 హార్స్‌పవర్. అయినా పరిగెత్తేదంటే తేలిగ్గా ఉండటం వల్లే. ఇదంతా తెలిసి కూడా నేను మొదట పాత అంబాసిడర్‌లోని 1817 సీసీ ఇసుజు ఇంజిన్ ఎక్కించాను. లెక్కలేసి కాదు. మా నాన్న బరంపురం ట్యాక్సీ స్టాండులో అంబాసిడర్లు విప్పి బిగించే మమ్మల్ని పెంచాడు, ఆ చప్పుడంటే నాకు ప్రాణం. కానీ అది ఇనుప బ్లాకు, అంటే సిలిండర్లుండే ఇంజిన్ ఒళ్లే ఇనుము. ఫ్రేములో దించగానే ముందు స్ప్రింగులు కూర్చుండిపోయాయి. స్టీరింగ్ తిప్పబోయిన మా ఒడియా కుర్రాడు "భాయినా (అన్నా), ఇది ట్రాక్టరే" అన్నాడు. మర్నాడే పైకి లాగేశాం.

ఇప్పుడు వేస్తున్నది మారుతి జిప్సీ ఇంజిన్. 1298 సీసీ, పదహారు వాల్వుల ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా ఒక్కో సిలిండర్‌కీ విడిగా పెట్రోలు చిమ్మేది), 80 హార్స్‌పవర్, అల్యూమినియం బ్లాకు. బండి పొడవునా కూర్చుంటుంది, ఐదు గేర్ల బాక్సు దాని వెనకాలే. జిప్సీలో ముందు చక్రాలకి కూడా శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకి అతుక్కుని ఉండదు, మధ్యలో చిన్న షాఫ్టు ఉంటుంది. కాబట్టి ఆ కేసు తీసి పక్కన పడేసి, కొత్తగా చేయించిన ప్రొపెల్లర్ షాఫ్టుని (శక్తిని వెనక్కి తీసుకెళ్లే కడ్డీని) నేరుగా వెనక యాక్సిల్‌కి కలిపేస్తున్నాను. ఇంకా పెద్ద ఇంజిన్ కావాలని ఇద్దరు అడిగారు. వెయ్యను. డబ్బు ఎక్కువిస్తానన్నా వెయ్యను.

ఇక ఆలస్యం. బ్లాకుని బోరింగ్‌కి, అంటే సిలిండర్ లోపలి గోడలు కోసి వెడల్పు చెయ్యడానికి పంపాను, 0.25 మిల్లీమీటర్ల ఓవర్‌సైజుకి, అంటే 74 మిల్లీమీటర్ల బోరు 74.25 అవ్వాలి. తిరిగొచ్చాక డయల్ గేజ్ పెట్టి చూస్తే మూడో సిలిండర్‌లో పిస్టన్‌కీ గోడకీ మధ్య సందు 0.09 మిల్లీమీటర్లు. ఉండాల్సింది 0.02 నుంచి 0.04. అలాగే బిగిస్తే చల్లని ఇంజిన్‌లో పిస్టన్ టకటకమంటుంది, కొన్నాళ్లకి ఆయిల్ తాగుతుంది. ఆ షాపువాళ్ల మీద అరిచేశాను. తర్వాత ఇంటికొచ్చి ఆలోచిస్తే సిగ్గేసింది. పిస్టన్లు చేతికి రాకముందే, తొందరలో బ్లాకు ఒక్కటే పంపింది నేనే. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు చెయ్యాలన్నది నాన్న నేర్పిన మొదటి పాఠం.

ఇప్పుడు నాలుగు సిలిండర్లూ తర్వాతి సైజు 74.5కి చేయించాను, ఈసారి పిస్టన్లు వెంట పట్టుకెళ్లి, మిషన్ పక్కనే నిలబడి. రెండో సెట్టు పిస్టన్లు, రింగుల ఖర్చు నాదే, మీ బిల్లులో రాదు. సీసీ 1316 అయింది. ఆ పద్దెనిమిది సీసీలకి శక్తి పెరిగిందని నేను చెప్పను, మీరూ ఎవరికీ చెప్పకండి. గోపాల్‌పూర్ వైపు నుంచి వచ్చే ఉప్పుగాలికి హోనింగ్ చేసిన (సానరాళ్లతో గీరి సరిచేసిన) సిలిండర్ గోడలు రాత్రికి రాత్రే ఎర్రబడతాయి, అందుకే రోజూ షెడ్డు మూసేముందు నూనె గుడ్డతో తుడిచి సంచి కప్పుతున్నాం.

ఇంకొకటి, ముందే చెప్పాల్సింది. ఈ బండికి నంబరు ప్లేటు నేను ఇప్పించలేను. జిప్సీ ఆర్‌సీ దీనికి తగిలిస్తే కుదరదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ట్రాక్ మీదో, సొంత స్థలంలోనో నడుపుకోవడానికే ఇది. రోడ్డు మీద తిప్పాలనుకుని అడ్వాన్సు కట్టినవాళ్లు ఎవరైనా ఉంటే వచ్చి మొత్తం తీసుకెళ్లండి. రాయగడ నుంచి ఒకాయన అలా తీసుకున్నారు, వెళ్తూ వెళ్తూ తన జీపు క్లచ్ ప్లేటు కూడా వేయించుకున్నారు.

వచ్చే ఆదివారం పొద్దున పిస్టన్ రింగుల సందు, అంటే రింగు రెండు కొసల మధ్య ఖాళీ కొలుస్తాం. పిస్టన్‌ని బోర్లించి దాంతో రింగుని సమంగా సిలిండర్ లోపలికి నెట్టి, ఫీలర్ గేజ్ (సన్నని కొలత రేకు) దూర్చి చూడాలి. చూడాలనుకున్నవాళ్లు పదికల్లా రండి, మాసినా పర్వాలేదనుకునే చొక్కా వేసుకుని.