లఘుచిత్రాల ఆదివారాలు: మన తెలుగు సంఘం సినిమా విభాగం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో సినిమా విభాగం పెడదామని అడిగినప్పుడు, కొత్త తెలుగు సినిమా రిలీజైన రోజు థియేటర్ బుక్ చేసి గ్రూప్ టికెట్లు ఇస్తామని చాలామంది అనుకున్నారు. ఆ పని మన ఊళ్లో ఇప్పటికే చాలామంది చక్కగా చేస్తున్నారు. మా ఆలోచన వేరు. మనం కెనడాకొచ్చి పదేళ్లు, పదిహేనేళ్లు, కొందరికైతే పాతికేళ్లు దాటింది. ఇళ్లు కొనుక్కున్నాం, పౌరసత్వ పరీక్ష రాశాం, తెల్లారకముందే లేచి డ్రైవ్‌వే మీద మంచు ఎత్తడం కూడా అలవాటైంది. ఈ దేశం వాళ్లు తమ గురించి తాము చెప్పుకున్న కథలు మాత్రం మనలో ఎక్కువమందికి తెలియవు, నాకూ తెలియవు. ఇక్కడి పెద్ద స్క్రీన్ల మీద ఆడేవి ఎక్కువగా హాలీవుడ్ సినిమాలే కాబట్టి కెనడా కథలు కావాలంటే కాస్త వెతుక్కోవాలి. వెతికితే తెలిసిందేమిటంటే, ఈ దేశం అసలు బలం ఇండిపెండెంట్ లఘుచిత్రాల్లోనే, అంటే పెద్ద స్టూడియోల డబ్బు లేకుండా తీసిన చిన్న సినిమాల్లోనే ఉంది. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, మహా అయితే అరగంట.

అందుకే నెలకో ఆదివారం మధ్యాహ్నం కూర్చుని రెండో మూడో షార్ట్ ఫిల్ములు చూసి, టీ తాగుతూ మాట్లాడుకుందామని మొదలుపెట్టాం. జులై, ఆగస్టుల్లో సెలవులు పోగా మొత్తం పది ప్రదర్శనలు జరిగాయి.

జనవరిలో మొదటి ప్రదర్శనకి ఏది వెయ్యాలా అని చాలా టెన్షన్ పడ్డాం. పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండటానికి ఇచ్చే సూపర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు ఉన్నారు, ఇంగ్లీషు తొందరగా అందదు. పిల్లలున్నారు, తెలుగు సబ్‌టైటిళ్లు వేసినా చదవలేరు. చివరికి మాటలే లేని సినిమాతో మొదలుపెట్టాం: ఇషు పటేల్ 1977లో తీసిన ‘బీడ్ గేమ్’. ఆయన అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ నుంచి కెనడా వచ్చి, ఇక్కడి ప్రభుత్వ సినిమా సంస్థ నేషనల్ ఫిల్మ్ బోర్డులో పనిచేసిన యానిమేటర్. వేలాది పూసల్ని చేత్తో ఒక్కొక్కటే జరుపుతూ, జరిపిన ప్రతిసారీ ఒక ఫ్రేము తీస్తూ చేసిన సినిమా అది. పూసలు చిన్న ప్రాణులవుతాయి, ఒకదాన్నొకటి మింగుతాయి, జంతువులవుతాయి, మనుషులై కొట్టుకుంటాయి, చివరికి అణుబాంబు దాకా వెళ్తుంది కథ. ఆస్కార్ నామినేషన్ కూడా వచ్చింది. వెనకాల వినిపించేది తబలా. మొదలైన కాసేపటికే ముందు వరసలో కూర్చున్న ఒక పెద్దావిడ “ఇది మన తబలా కదమ్మా” అని పక్కనున్న మనవరాలి చెయ్యి పట్టుకున్నారు. మిగతా అయిదు నిమిషాలూ ఇద్దరూ ఒకేలా నోరు తెరుచుకుని చూశారు. మాట అక్కర్లేని సినిమా ముందు మూడు తరాలూ ఒకటే అని ఆరోజు తెలిసింది. అప్పట్నుంచి ప్రతి నెలా ఒకటైనా మాటల్లేని చిత్రం ఉండాలని నియమం పెట్టుకున్నాం.

అదే నెల ఆయనదే 1981 నాటి ‘టాప్ ప్రయారిటీ’ కూడా వేశాం. ఎండిపోయిన ఊళ్లో ఒక రైతు కుటుంబం నీళ్ల పంపు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఊరికి చివరికి వచ్చేది మాత్రం ఆయుధాలు. అనంతపురం జిల్లా నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన, అప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడనివారు, లేచి తమ పొలంలో వేసిన బోర్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఎన్ని అడుగులు దించారు, ఎన్నింటిలో దుమ్ము తప్ప ఏమీ రాలేదు, అప్పు ఎలా పెరిగింది, అన్నీ. ఆయన కొడుకు నాతో తర్వాత అన్నాడు, ఆ లెక్క తనకే ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదని.

ఫిబ్రవరిలో బయట మంచు బాగా పడుతున్న రోజున ‘ద స్వెటర్’ వేశాం. రోష్ కారియే రాసిన కథకి షెల్డన్ కోహెన్ 1980లో చేసిన పది నిమిషాల యానిమేషన్. క్యూబెక్‌లో ఒక చిన్న ఊరు, అక్కడి పిల్లలందరూ మాంట్రియల్ కెనేడియన్స్ ఐస్ హాకీ జట్టు అభిమానులు, అందరి వీపు మీదా ఆ జట్టు స్టార్ మోరిస్ రిచర్డ్ నంబరు 9. ఒక పిల్లాడి స్వెటర్ చిరిగిపోతే వాళ్లమ్మ పోస్టులో బట్టలు పంపే ఈటన్ కంపెనీకి ఉత్తరం రాస్తుంది, పార్సిల్ విప్పితే వచ్చింది ప్రత్యర్థి జట్టు టొరంటో మేపుల్ లీఫ్స్ స్వెటర్. తిరిగి పంపితే ఈటన్ దొరగారు నొచ్చుకుంటారని తల్లి పంపనివ్వదు, వాడు ఏడుస్తూ అదే తొడుక్కుని హాకీ ఆడే రింకుకి వెళ్తాడు. చివర్లో చర్చిలో కూర్చుని, నూరు మిలియన్ల చిమటల్ని పంపి ఈ స్వెటర్ తినిపించెయ్యి దేవుడా అని మొక్కుకుంటాడు. మన పిల్లలందరూ లీఫ్స్ అభిమానులు కదా, మన జట్టు బట్టలు వేసుకోవడం అంత అవమానమా అని గట్టిగానే గొడవ చేశారు. హైదరాబాద్ గల్లీలో చెన్నై జెర్సీ వేసుకుని క్రికెట్‌కి వెళ్లినట్టు అని ఒక బాబాయి చెప్పాక పెద్దలకి అర్థమైంది. కానీ అందులో నవ్వుతో పాటు ఇంకోటి ఉంది. ఫ్రెంచ్ మాట్లాడే ఊరికి ఇంగ్లీషు కంపెనీ మీద ఉన్న బెరుకు, పై దొర ఏమనుకుంటాడోనన్న భయం. ఇంగ్లీషు ఫారం చూస్తే చెయ్యి వణికిన అమ్మానాన్నల్ని చూసిన మనకి ఆ తల్లిని అర్థం చేసుకోవడం కష్టం కాలేదు. ఆ కథలోని వాక్యాలు పాత అయిదు డాలర్ల నోటు మీద ముద్రించారు. ఒక సభ్యురాలు దాచుకున్న నోటు తెచ్చి చూపిస్తే పిల్లలు భూతద్దం పెట్టి చదివారు.

మార్చిలో మాకు హాలు ఇస్తామన్న చోట ముందురోజు రాత్రి కుదరదన్నారు. ఒక సభ్యుడు తన ఇంటి బేస్‌మెంట్ ఇచ్చారు, వాళ్ల ఇంటావిడ అప్పటికప్పుడు అందరికీ పులిహోర కలిపారు. అక్కడే ఎక్కువ బాగుందని సగంమంది అనడంతో తర్వాత రెండు ప్రదర్శనలు కూడా ఇళ్లలోనే పెట్టాం. ఆ నెల చూసింది విన్నిపెగ్‌కి చెందిన రిచర్డ్ కాండీ తీసిన ‘ద బిగ్ స్నిట్’, 1985. బయట అణుయుద్ధం మొదలవుతుంటే లోపల మొగుడూ పెళ్లాలు స్క్రాబుల్ అనే పదాల ఆట ఆడుతూ పోట్లాడుకుంటుంటారు. బేస్‌మెంట్ అంతా నవ్వులే.

ఇండిపెండెంట్ అంటున్నారు, నేషనల్ ఫిల్మ్ బోర్డు ప్రభుత్వానిదే కదా అని ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్న. 1939లో పెట్టిన ఆ బోర్డు నడిచేది ప్రభుత్వ డబ్బుతోనే, అయితే వ్యాపారం చూసుకునే నిర్మాత ఎవరూ చెయ్యనివ్వని ప్రయోగాలు అక్కడ చెయ్యనిచ్చారు. ఇక బోర్డు బయట తీసేవాళ్లకి సహకార సంఘాలున్నాయి. విన్నిపెగ్ ఫిల్మ్ గ్రూప్ 1974లో, టొరంటోలో లిఫ్ట్ అనే సంఘం 1981లో మొదలయ్యాయి. సభ్యత్వం తీసుకుంటే కెమెరాలు, లైట్లు, ఎడిటింగ్ గదులు తక్కువ అద్దెకి దొరుకుతాయి. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఇంకొకరు బదులు వెళ్లినట్టు, ఒకరి సినిమాకి ఇంకొకరు పనిచేస్తారు. కెనడా లఘుచిత్రాల్లో ఇన్ని రకాల కథలు ఉండటానికి ఇదే అసలు కారణమని నా నమ్మకం. డబ్బు తిరిగి రావాలన్న ఒత్తిడి లేనప్పుడు మనిషి తనకి నిజంగా ముఖ్యమైనదే చెప్తాడు.

ఏప్రిల్‌లో ఒక తప్పు జరిగింది, అది నాది. జెరెమీ కోంట్ 2018లో తీసిన ‘ఫోవ్’ అనే పదిహేడు నిమిషాల చిత్రం, ఆస్కార్‌కి నామినేట్ అయినది, పేరు విని వేసేశాను. ఇద్దరు పిల్లలు ఒక గని దగ్గర పందేలు వేసుకుని ఆడుకుంటూ ఉంటారు, ఆట ప్రాణం మీదకి వస్తుంది. చాలా గొప్ప సినిమా, కానీ చిన్నపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూసేది కాదు. ఒక బాబు రాత్రంతా నిద్రపోలేదని వాళ్లమ్మ ఫోన్ చేశారు. ఆమెకి మళ్లీ ఇక్కడ క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఇప్పుడు ఏ సినిమా అయినా ఇద్దరం పూర్తిగా చూశాకే జాబితాలో పెడుతున్నాం, పెద్దలకి మాత్రమే అయినవి సాయంత్రం విడిగా వేస్తున్నాం.

అలా విడిగా వేసిన మొదటిది మే నెలలో ‘రయన్’. ఈ ఏడాది నన్ను బాగా కదిలించింది ఇదే కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తున్నాను. రయన్ లార్కిన్ అనే యానిమేటర్ 1968లో ‘వాకింగ్’ అనే చిత్రం గీశాడు. మనుషులు నడిచే తీరు, అంతే, అయినా ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. తర్వాత కొకైన్, తాగుడు. చివరికి మాంట్రియల్ వీధిలో చిల్లర అడుక్కుంటూ, నిరాశ్రయుల షెల్టర్‌లో ఉండేవాడు. క్రిస్ లాండ్రెత్ ఆయన్ని కూర్చోబెట్టి మాట్లాడించి, ఆ మాటలకి కంప్యూటర్ బొమ్మలు కట్టి 2004లో పద్నాలుగు నిమిషాల సినిమా తీశాడు. అందులో మనుషుల ముఖాలు పగిలిపోయి, సగం లేకుండా ఉంటాయి, లోపలి దెబ్బలు బయటికి కనిపిస్తున్నట్టు. దానికి ఆస్కార్ వచ్చింది. రయన్ లార్కిన్ 2007లో చనిపోయాడు.

సినిమా అయ్యాక చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక సభ్యుడు తన తమ్ముడి తాగుడు గురించి చెప్పాడు. ఇంకొకరు, చదువుకోవడానికి వచ్చి బేస్‌మెంట్ గదుల్లో నలుగురైదుగురు కలిసి ఉంటూ, రాత్రంతా గిడ్డంగిలో పనిచేసి, ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అంతా బాగుందని చెప్పే మన పిల్లల గురించి మాట్లాడారు. సంక్రాంతికీ ఉగాదికీ మనం కలుస్తూనే ఉన్నాం, ఆ వేదికల మీద ఈ మాటలు రావు. ఆ రాత్రి పదకొండు దాకా కూర్చున్నాం. దాని ఫలితంగానే కొత్తగా వచ్చిన విద్యార్థులకి నెలకోసారి ఎవరో ఒకరి ఇంట్లో భోజనం పెట్టే ఏర్పాటు మొదలైంది, ఆ వివరాలు సేవా విభాగం నివేదికలో ఉంటాయి.

సెప్టెంబరు చివర్లో, ఇళ్ల నుంచి బలవంతంగా బడులకి తీసుకెళ్లిన ఆదివాసీ పిల్లల్ని తలుచుకుంటూ నారింజ రంగు చొక్కాలు వేసుకునే రోజుకి దగ్గరగా, అలానిస్ ఓబోంసావిన్ మొదటి చిత్రం ‘క్రిస్మస్ ఎట్ మూస్ ఫ్యాక్టరీ’ వేశాం, 1971 నాటిది. ఆమె అబెనకీ అనే ఆదివాసీ జాతి మనిషి. ఒంటారియో ఉత్తరాన జేమ్స్ బే దగ్గర అలాంటి బడిలో, రెసిడెన్షియల్ స్కూల్ అంటారు, ఉన్న క్రీ తెగ పిల్లలు గీసిన బొమ్మలు, వాళ్ల గొంతులు, సినిమా అంతా అంతే. కష్టం అన్న మాట పెద్దగా వినిపించదు. మంచు, కుక్కలు, పండగ. ఇల్లు వదిలి దూరంగా ఉన్న పిల్లలు అలా చెప్తుంటేనే గుండె బరువెక్కుతుంది. ఆ స్కూళ్ల గురించి మన పిల్లలు బడిలో చదువుకున్నారు, ఆరోజు వాళ్లే మనకి పాఠం చెప్పారు.

దాని వెంటే క్రిస్టఫర్ ఆక్టర్ 2019లో తీసిన ‘నౌ ఈజ్ ద టైమ్’. పసిఫిక్ తీరంలో హైదా ఆదివాసీలుండే హైదా గ్వాయ్ దీవుల్లో, ఓల్డ్ మాసెట్ అనే ఊళ్లో 1969లో ఒక టోటెమ్ స్తంభాన్ని నిలబెట్టారు. దాదాపు నూరేళ్లలో అదే మొదటిది. చెక్కింది రాబర్ట్ డేవిడ్సన్, అప్పటికి ఇరవై రెండేళ్ల కుర్రాడు. ఊళ్లో పెద్దవాళ్లు ఒక్కసారైనా తమ పద్ధతిలో సంబరం చేసుకోవాలన్నది అతని కోరిక. అప్పుడు తీసిన పాత ఫుటేజీ కూడా ఇందులో ఉంది. ఊరంతా తాళ్లు పట్టుకుని లాగుతుంటే, “అచ్చం మా ఊళ్లో ధ్వజస్తంభం ఎత్తినట్టే ఉంది” అన్నారు కోనసీమ నుంచి వచ్చిన ఒక అత్తయ్యగారు. రెండూ ఒకటి కావు. టోటెమ్ స్తంభం పూజకి పెట్టింది కాదు, వంశాల కథ చెప్పేది. కానీ తాడు పట్టుకున్న చేతుల్లోని ఆత్రం ఒకటే. తమ ఆటపాటల మీద, వేడుకల మీద చట్టంతో నిషేధం పెట్టిన కాలం దాటి వచ్చిన ముసలివాళ్లు మళ్లీ పాడుతుంటే చూడాలి.

డిసెంబరులో ‘ద ఫ్లయింగ్ సెయిలర్’. 1917 డిసెంబరు 6న హాలిఫాక్స్ రేవులో పేలుడు మందుతో నిండిన ఓడ పేలినప్పుడు గాల్లోకి ఎగిరిపడి బతికిన ఒక నావికుడి కథ. విశాఖ నుంచి వచ్చినవాళ్లు 1997 నాటి రిఫైనరీ పేలుడు గుర్తుచేసుకున్నారు. మిగతా నెలల చిత్రాల జాబితా నోటీసు బోర్డులో ఉంది, మళ్లీ రాయడం లేదు.

చూడటంతో ఆగకూడదని అక్టోబరులో రెండు శనివారాలు పిల్లలకి ఫోన్ కెమెరాతో సినిమా తీయడం నేర్పించాం. ఈ ఆలోచన వాపికోనీ మొబీల్ అనే సంచార స్టూడియో నుంచి వచ్చింది. 2004 నుంచి క్యూబెక్‌లో ఆదివాసీ ఊళ్లకి స్టూడియో ఉన్న పెద్ద బండి వెళ్తుంది, అక్కడి కుర్రాళ్లు తమ సినిమాలు తామే తీసుకుంటారు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన వాపికోనీ ఆవాషిష్ అనే అటికమెక్ తెగ అమ్మాయి పేరు దానికి పెట్టారు. మన దగ్గర బండి లేదు, ఒక ట్రైపాడ్, రెండు మైకులు ఉన్నాయి. పిల్లలు అయిదు చిత్రాలు తీశారు. ఒకమ్మాయి వాళ్ల నాన్న రాత్రి ట్యాక్సీ దిగి ఇంటికి వచ్చాక బూట్లు విప్పడం నుంచి పడుకునేదాకా తీసింది. అందులో మాటల్లేవు, ఫ్రిజ్ చప్పుడు, గిన్నె మీద మూత తీసిన చప్పుడు, అంతే. వాళ్లమ్మ కూరగిన్నె మీద అంటించిన చీటీ చివర్లో కనిపిస్తుంది: “పెరుగు బయట పెట్టాను”. మూడు నిమిషాలు. ఆ నాన్న హాల్లో చివరి వరసలో నిలబడి చూశారు.

ఖర్చుల సంగతి క్లుప్తంగా. హాలు అద్దె, టీ టిఫిన్లు, కొన్ని చిత్రాలకి ప్రదర్శన అనుమతి రుసుము, ఈ మూడే. నేషనల్ ఫిల్మ్ బోర్డు వెబ్‌సైట్లో చాలా చిత్రాలు 2009 నుంచి ఉచితంగా ఉన్నాయి, ఇంట్లో హాయిగా చూడండి. హాల్లో పదిమందికి వెయ్యాలంటే మాత్రం అనుమతి అడగాలి, మేం ప్రతిదానికీ అడిగాం. లెక్కల పట్టిక కోశాధికారిగారు విడిగా పంపుతారు.

వచ్చే ఏడాది రెండు పనులు అనుకుంటున్నాం. పెద్దల కోసం కొన్ని చిత్రాలకి ముందుగా తెలుగులో కథ చెప్పడానికి ఇద్దరు కావాలి, పిల్లల్లో ఎవరైనా ముందుకొస్తే ఇంకా మంచిది. పిల్లలు తీసిన అయిదింటినీ మన ఉగాది వేడుకలో, డాన్సుల మధ్యలో కాకుండా, లైట్లు ఆర్పి సరిగ్గా వెయ్యాలి. దానికి కార్యవర్గం ఇరవై నిమిషాలు ఇస్తామని ఒప్పుకుంది. ప్రొజెక్టర్ తెచ్చి బిగించే బాధ్యత ఎవరైనా తీసుకుంటామంటే ఈ నెలాఖరులోపు నాకు ఫోన్ చెయ్యండి.

సినిమా విభాగం సమన్వయకర్త