సకారం మింగేసిన చెవి యంత్రంపై ఫిర్యాదు

తిరుపతి,
2025 జూన్ 16.

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: మార్చి 3న మీ తిరుపతి శాఖలో కొన్న, చెవి వెనుక పెట్టుకునే వినికిడి యంత్రాల జత నా వినికిడికి తగినది కాకపోవడం గురించి, వేరేవి ఇవ్వమని లేదా డబ్బు తిరిగి ఇవ్వమని కోరడం గురించి.

అయ్యా,

నేను ముప్పై ఒక్క సంవత్సరాలు ఉన్నత పాఠశాలల్లో తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. వయసు 68. పిల్లల చేత శ, ష, స విడివిడిగా పలికించడంలోనే నా ఉద్యోగ జీవితం సగం గడిచిపోయింది. ఇప్పుడు ఆ మూడూ నా చెవికి అందడం లేదు. అందుకు వయసును తప్పుపట్టాలి గాని మిమ్మల్ని కాదు. అయితే నా దగ్గర లక్షా పన్నెండు వేల రూపాయలు తీసుకున్న తర్వాత కూడా అవి అందకపోవడానికి మాత్రం మీ కంపెనీదే బాధ్యత. ఎలాగో రాస్తున్నాను. ఇదివరకు రెండుసార్లు ఈమెయిల్ పంపితే ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది, అక్షరం తేడా లేకుండా. ఈ ఉత్తరమైనా మనిషి కంట పడుతుందని ఆశ.

ముందు నా చెవుల సంగతి చెబుతాను. కొనడానికి రెండు వారాల ముందు ప్రభుత్వాసుపత్రి ఈఎన్‌టీ విభాగంలో పరీక్ష చేయించుకున్నాను. ఆడియోగ్రామ్, అంటే ఆ పరీక్ష గీసిచ్చిన పటం, ప్రకారం రెండు చెవులూ ఇంచుమించు ఒకటే (హెర్ట్జ్ శ్రుతి ఎత్తుకు కొలత, డెసిబెల్ ఇక్కడ వినికిడి లోటుకు): 500 హెర్ట్జ్ దగ్గర 55 డెసిబెల్స్, 1000 దగ్గర 60, 2000 దగ్గర 70, 4000 దగ్గర 80. చెవి వెనుక ఎముక ద్వారా శబ్దం పంపి చేసిన పరీక్షలోనూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కాబట్టి లోపం లోపలి చెవిదని, మందులతో పోయేది కాదని, యంత్రమే దారి అని డాక్టరు గారు చెప్పారు.

ఈ అంకెలకు మా ఇంట్లో అర్థం ఇది. మాటలో బలమంతా అచ్చులది. అవి కింది స్థాయిలో, అంటే తక్కువ హెర్ట్జ్ దగ్గర, ఉంటాయి. స, శ, త, క, ప లాంటి హల్లుల ఆనవాలు చాలావరకు పై స్థాయిలో, బహు పల్చగా ఉంటుంది. అందువల్ల ఎదుటివాళ్లు మాట్లాడుతున్నారని నాకు తెలుస్తుంది, ఏం మాట్లాడుతున్నారో తెలియదు. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కనుక మాట తోక దొరుకుతుంది, తల దొరకదు. మా ఆవిడ వంటింట్లోంచి “పప్పు తెచ్చారా?” అని అడిగితే నాకు “తప్పు చేశారా?” అని వినిపించింది. “నేనేం తప్పు చేశాను?” అని గట్టిగానే అడిగాను. ఆ సాయంత్రమే ఆవిడ నన్ను చెవుల పరీక్షకు బయలుదేరదీసింది.

మార్చి 3 ప్రపంచ వినికిడి దినం కదా, ఆ రోజు మీ శాఖలో ఉచిత పరీక్ష, తగ్గింపు ధర అని బ్యానరు కట్టారు. ఆడియోగ్రామ్ ఫైలులో పెట్టుకుని ఇద్దరం వెళ్లాం. అక్కడి యువకుడు దాన్ని బస్సు టికెట్టు చూసినంతసేపు చూసి పక్కన పెట్టాడు. తర్వాత బల్ల మీద మూడు యంత్రాలు వరుసగా పేర్చి, ఇది 8 చానెళ్లు, ఇది 16, ఇది 24 అని చెప్పుకుంటూ పోయాడు. శబ్దాన్ని శ్రుతిని బట్టి ఎన్ని ముక్కలు చేసి సర్దుతుందో ఆ లెక్కే చానెళ్లు. చానెళ్లతో పాటు ధర మెట్లెక్కింది. నేను రోజూ ఎక్కడికి వెళతాను, ఎవరితో మాట్లాడతాను, ఫోనులో ఎంతసేపు గడుపుతాను అన్న ప్రశ్న ఒక్కటీ రాలేదు. నాకు ఏ రకం కావాలో నేనే అడిగాను. మా వీధిలో ఒక రిటైర్డ్ కండక్టరు గారు ఆరేళ్లుగా వాడుతున్నారు: చెవి కొలత తీసి పోసిన అచ్చు, దానికి కాస్త లావు గొట్టం, చెవి వెనుక నారింజ రంగు స్టిక్కరు ఉండే 13 సైజు బ్యాటరీ. ఏ మందుల దుకాణంలోనో ఆ బ్యాటరీ కొంటారు, స్టిక్కరు పీకి ఒక నిమిషం గాలి తగలనిచ్చి వేసుకుంటారు, అంతే. అలాంటిది చూపించమన్నాను. “అది పాతకాలం మోడల్ సార్, పెద్దగా కనిపిస్తుంది. ఇది పెట్టుకుంటే ఎవరికీ తెలియదు” అన్నాడు.

ఇక్కడ ఒక మాట అనకుండా ఉండలేను. మాది తిరుపతి. రోజూ వేలమంది గుండ్లతో తిరిగే ఊరు. నేనూ ఏడాదికోసారి తలనీలాలు ఇస్తాను. గుండు మీద చెవి వెనుక చీమ పాకినా కనిపిస్తుంది. ముక్కు మీద కళ్లద్దాలు దాచుకోనివాణ్ణి చెవి వెనుక యంత్రం ఎందుకు దాచుకుంటాను? నాకు కావలసింది వినబడటం. కనబడకపోవడం మీ ప్రకటనకు కావాలి.

అయినా అతను చదువుకున్నవాడు, చెబుతున్నాడు కదా అని ఒప్పుకున్నాను. అది నా పొరపాటే, దాచుకోను. 24 చానెళ్ల జత ఇచ్చాడు. నూలు పోగులాంటి సన్నని గొట్టం, దాని చివర రంధ్రాలున్న మెత్తని రబ్బరు టోపీ. ఇలాంటివి చెడ్డవని నేననడం లేదు. కింది స్థాయి వినికిడి బాగుండి, పై స్థాయి మాత్రమే తగ్గినవాళ్లకు ఇవి హాయి. చెవి బిగదీసినట్టు ఉండదు, తన గొంతు తనకే కుండలో మాట్లాడినట్టు వినబడదు. కానీ నాకు 500 హెర్ట్జ్ దగ్గరే 55 డెసిబెల్స్ లోటు ఉంది. నాకు యంత్రం ఇచ్చే శబ్దం చెవిలో నిలవాలి. ఈ టోపీ రంధ్రాల్లోంచి అది బయటికి కారిపోతుంది, కారిన శబ్దం మళ్లీ మైకులో పడుతుంది, యంత్రం కూస్తుంది. ఆడియోగ్రామ్‌ను ఇంకో అర నిమిషం చూసి ఉంటే ఆ టోపీ నాకు పనికిరాదని అతనికే తెలిసేది.

కూసింది కూడా. మనవణ్ణి ఎత్తుకుంటే వాడి చెంప తగిలి కూత, దిండు మీద తల వాలిస్తే కూత, ఇడ్లీ నములుతుంటే కూత. “తాతయ్య చెవిలో కుక్కర్ ఉంది” అని వాడు ఎదురింటి పిల్లలకు చెప్పి వచ్చాడు.

మార్చి 15న, అంటే పన్నెండో రోజున, మీ శాఖకు వెళ్లి ఇవి వద్దు, వెనక్కి తీసుకోండి అన్నాను. పదిహేను రోజుల్లో నచ్చకపోతే వాపసు అని కొన్నప్పుడు నోటిమాటగా చెప్పారు. బిల్లులో ఏ గడువూ లేదు. మీ రిజిస్టరులో ఆ తేదీన నా సంతకం ఉంది, చూసుకోండి. అప్పుడు ఆ యువకుడు యంత్రాలను కంప్యూటరుకు కలిపి, ఏదో రెండు నొక్కులు నొక్కి, కూత మాయం చేశాడు. “ఇంకా అలవాటు కాలేదు సార్, మెదడుకు కొన్ని వారాలు పడుతుంది” అని పంపించాడు. కొత్త శబ్దాలకు మెదడు అలవాటు పడటానికి వారాలు పడుతుందన్నది నిజమే, నేనూ చదివాను. కానీ చెవి దాకా వచ్చిన శబ్దానికే మెదడు అలవాటు పడుతుంది. రాని శబ్దానికి ఎలా అలవాటు పడాలి?

కూత ఆగిందన్న సంతోషం ఒక్క పూట నిలిచింది. ఆ ఆదివారం మనవడు వాచకం తెచ్చి పక్కన కూర్చున్నాడు. “శంఖం, షట్కోణం, సంత” అని పైకి చదివాడు. నాకు “అంఖం, అట్కోణం, అంత” అని వినబడింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అదే. నోరు చూస్తూ వింటే అర్థమవుతోంది, కళ్లు మూసుకుంటే మూడు మాటలకూ తల లేదు. యంత్రాలు తీసేసి, వాణ్ణి చెవి దగ్గరకు వచ్చి చదవమన్నాను. రెండింటికీ పెద్ద తేడా లేదు. లక్షా పన్నెండు వేల యంత్రం, ఏమీ లేని చెవి, రెండూ ఒకే మార్కులు తెచ్చుకున్నాయి.

ఏప్రిల్ 21న మూడోసారి వెళ్లి, ఆ రోజు ఏం నొక్కావు బాబూ, చూపించమని అడిగాను. పాపం దాచలేదు, తెర నా వైపు తిప్పాడు. యంత్రం శబ్దాన్ని ఎంత పెంచుతోందో చూపే గీత 3000 హెర్ట్జ్ దాటిన దగ్గర్నుంచి కిందికి విరిగిపోయి ఉంది. “అక్కడ పెంచితే కూస్తుంది సార్, అందుకే తగ్గించాను” అన్నాడు. నా విషయమంతా ఆ ఒక్క వాక్యంలో ఉంది. నాకు ఏది ఎక్కువ కావాలో దాన్నే కోసేసి కూత ఆపారు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదే. కూతతో పాటు సకారం కూడా పోయింది. టోపీ తీసి అచ్చు పెట్టాల్సిన చోట శబ్దాన్నే తీసేశారు. ఇక 24 చానెళ్లు దేనికి? ఇంటికి ఇరవై నాలుగు కిటికీలు పెట్టి, వెలుగు వచ్చే వైపువన్నీ మూసేసి, కిటికీల లెక్కన అద్దె తీసుకున్నట్టుంది.

చెవి లోపలికి సన్నని గొట్టం మైకు పంపి, యంత్రం పెట్టుకున్నప్పుడు కర్ణభేరి దగ్గర నిజంగా ఎంత శబ్దం చేరుతోందో కొలిచే పద్ధతి ఉంది కదా, అది చేశారా అని అడిగాను. ఆ పరికరం శాఖలో లేదట. ఆడియోగ్రామ్ అంకెలు ఎక్కిస్తే కంప్యూటరే లెక్క వేస్తుందట. ఆ లెక్క సగటు చెవికి వేసింది. నా చెవి సగటుదో కాదో కొలిచి చూస్తేనే కదా తెలిసేది. అతను భారత పునరావాస మండలిలో నమోదైన ఆడియాలజిస్టేనా, అంటే వినికిడి నిపుణుడేనా, నమోదు సంఖ్య ఎంత అని కూడా అడిగాను. “మా ట్రైనింగ్ కంపెనీ ఇచ్చింది సార్” అన్నాడు. వాపసు సంగతి ఎత్తితే గడువు దాటిపోయిందన్నాడు.

ఇంకొకటి రాయకపోతే మనసు ఊరుకోదు. సాయంత్రాలు గోవిందరాజస్వామి గుడికి వెళ్లడం నాకు నలభై ఏళ్ల అలవాటు. అక్కడ నాదస్వరం వింటూ మండపంలో ఒక పావుగంట నిలబడతాను. ఏప్రిల్‌లో ఒక సాయంత్రం విద్వాంసుడు పై షడ్జం మీద నిలిచారు. నా చెవుల్లో ఆ స్వరం నిలవలేదు. వణికింది, రెండుగా చీలింది, దాని పక్కనే ఇంకో పిచ్చి స్వరం పుట్టి వంకర్లు తిరిగింది. పెద్దాయనకు ఊపిరి నిలవడం లేదేమో అనుకుని జాలిపడ్డాను. “బాగానే వాయిస్తున్నారండీ, మీ యంత్రం చూసుకోండి” అంది మా ఆవిడ. తీసి జేబులో వేసుకుంటే స్వరం చిన్నదైంది గాని, తిన్నగా వచ్చింది. తర్వాత మీ వాడుక పుస్తకం చదివితే తెలిసింది: కూతను అణిచే ఏర్పాటు, ఒకే శ్రుతిలో నిలిచే స్వరాన్ని కూడా కూత అనుకుని దాన్ని రద్దు చేయబోతుందట. అందుకోసమే ఆ ఏర్పాటును తగ్గించి పెట్టే సంగీతం ప్రోగ్రాము వేరే ఉందట. నాకు ఇచ్చిన యంత్రాల్లో అది తెరవనే లేదు. గుడికి వెళతారా, కచేరీలు వింటారా అని ఎవరూ అడగలేదు కదా.

ఫోను గురించి రెండు ముక్కలు. ఏ ఫోనుతోనైనా నేరుగా చెవుల్లోకి మాటలు వస్తాయని మీ కరపత్రంలో ఉంది. నా ఫోనుతో రాలేదు. కొన్ని రకాల ఫోన్లతోనే పనిచేస్తుందని మీ వాళ్లు కొన్నాక చెప్పారు. చార్జింగ్ బ్యాటరీ లోపల బిగించినది కాబట్టి, అది బలహీనపడిన నాడు యంత్రమే మీకు పంపాలట. అదీ కొన్నాకే తెలిసింది.

నేను కోరేది ఇది. నమోదైన ఆడియాలజిస్టు చేత నా రెండు చెవులకూ అచ్చులు తీయించి, ఇవే యంత్రాలను వాటితో బిగించి, చెవిలో కొలిచి, 4000 హెర్ట్జ్ దాకా నాకు కావలసినంత శబ్దం కూత లేకుండా ఇవ్వగలరేమో చూడండి. కొలిచిన కాగితం నాకు ఇవ్వండి. ఇవ్వగలిగితే నాకు గొడవ లేదు, అచ్చుల ఖర్చు మీరు భరిస్తే చాలు. ఈ యంత్రాలకు ఆ శక్తి లేకపోతే, నేను మొదట అడిగిన రకం, బలమైన రిసీవరు (చెవిలోకి శబ్దం పంపే చిన్న స్పీకరు), అచ్చు, మార్చుకునే బ్యాటరీ ఉన్నది ఇచ్చి, ధరలో తేడా తిరిగి ఇవ్వండి. చానెళ్లు ఎన్నున్నా నాకు అభ్యంతరం లేదు, వాటి లెక్క ఇక నాకు చెప్పకండి. రెండూ కుదరకపోతే 1,12,000 రూపాయలూ వాపసు చేయండి.

ఈ ఉత్తరం అందిన ముప్పై రోజుల్లో ఏదో ఒకటి జరగాలి. బిల్లులో గడువు రాయనప్పుడు, లోపమున్న వస్తువును ముప్పై రోజుల లోపు తెచ్చినా తీసుకోకపోవడం 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. నేను వచ్చింది పన్నెండో రోజు. ఆ చట్టం కింద నేను నివసించే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు, మీ ప్రధాన కార్యాలయం ఏ ఊళ్లో ఉన్నా సరే. ముందుగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేయిస్తాను, మా అబ్బాయి చేత. బిల్లు, ఆడియోగ్రామ్, మీ కరపత్రం, ఏప్రిల్ 21న నా ఫోనుతో తీసుకున్న ఆ తెర ఫొటో, అన్నింటి నకళ్లూ జతచేశాను.

ఒక మనవి. ఆ యువకుడి మీద చర్య తీసుకోమని నేను అడగడం లేదు. అడిగిన వెంటనే తెర తిప్పి చూపించాడు, అబద్ధమాడలేదు. అతనికి చెవిలో కొలిచే పరికరం కొనివ్వండి.

జవాబు ఉత్తరంలోనే పంపండి. ఫోను చేయకండి, నాకు వినబడదు.

ఇట్లు,
మీ వినియోగదారుడు,
రిటైర్డ్ తెలుగు ఉపాధ్యాయుడు,
తిరుపతి.