2025 వార్షిక నివేదిక: ఆదివారం పూజ, శనివారం కూలి

ప్రభువునందు ప్రియమైన సంఘ సభ్యులందరికీ వందనాలు.

పండుగ లైటింగు, బ్యాండు ఖర్చు తగ్గించి ఆ డబ్బును మామూలు రోజుల అవసరాలకు వాడాలని గత సర్వసభ్య సమావేశంలో మీరే తీర్మానం చేశారు. ఏడాదంతా మేం చేసిన పనికి ఆ తీర్మానమే ఆధారం. మన విచారణ (పారిష్) పండుగకు ఈసారి సీరియల్ బల్బులు గుడి ముఖద్వారం వరకే పెట్టాం. కొందరు పెద్దలకు అది నచ్చలేదు, మాకు తెలుసు. అయినా మంచి పనే జరిగిందని కమిటీ నమ్ముతోంది.

ఫిబ్రవరిలో ఎప్పటిలాగే విజయవాడలోని గుణదల మరియమాత ఉత్సవాలకు వెళ్ళొచ్చాం. తిరుసభకు (కథోలిక సంఘానికి) జూబిలీ సంవత్సరం కదా, జనం బాగా వచ్చారు.

అసలు విషయం మిర్చి కోతలది. మార్చి 5న విభూది బుధవారంతో తపస్కాలం, అంటే ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాస కాలం, మొదలైంది, మన పొలాల్లో కోతలు ముమ్మరంగా సాగేదీ అప్పుడే. ఈ ఏడు ధర ఎలా పడిపోయిందో గుంటూరు యార్డుకు టిక్కీలు (మిర్చి బస్తాలు) తోలిన ప్రతి ఒక్కరికీ తెలుసు. కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ప్రకటించినా అప్పటికే చాలామంది సరుకు కళ్లాల్లో పెట్టుకుని దిక్కుతోచక ఉన్నారు. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే ముందుగా ఆగిపోయేది కూలే. ఒక శుక్రవారం స్లీవ మార్గం (యేసు సిలువ యాత్రను ధ్యానించే ప్రార్థన) అయ్యాక కర్నూలు వైపు నుంచి వచ్చిన ముఠా మేస్త్రి, ఇద్దరు ఆడవాళ్లు గుడి మెట్ల దగ్గర నిలబడి ఉన్నారు. రెండు వారాలుగా కూలి రాలేదట, ఇవ్వాల్సింది మన సంఘ సభ్యుడే, అదే సాయంత్రం లోపల మోకరిల్లి ఉన్న మనిషి. ఆయన చెడ్డవాడేం కాదు, నిజంగానే చేతిలో డబ్బు లేదు. కానీ ఆ తల్లుల చేతులు చూశారా మీరు? రోజంతా కాయ కోసిన చేతికి ఎన్నిసార్లు కడిగినా మంట వదలదు, సిలువ గుర్తు వేసుకోవాలన్నా వేళ్లు కంటికి తగలకుండా జాగ్రత్తగా నుదురు తాకుతారు. ఆ కష్టానికి డబ్బు ఎల్లుండి, వచ్చే వారం అని చెప్పి మనం శుక్రవారం మాంసం మానేశామంటే దేవుడు దాన్ని లెక్కలో వేసుకుంటాడా? కూలి ఎగ్గొట్టడం ఆకాశానికి మొరపెట్టే పాపాల్లో ఒకటని తిరుసభ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది, పునీత యాకోబు తన లేఖలో పొలం కోసినవాళ్ల కూలి గురించే రాశాడు.

అందుకని లైటింగులో మిగిలిన డబ్బూ, తపస్కాల హుండీ డబ్బూ కలిపి సన్నకారు రైతులకు వడ్డీ లేని చేబదులు ఇచ్చాం. షరతు ఒక్కటే, ఆ డబ్బు శనివారం సాయంత్రం నేరుగా కూలీల చేతికి వెళ్లాలి. సరుకు అమ్ముడయ్యాక చాలామంది తిరిగి కట్టారు. ఇంకా కట్టనివాళ్లు కొందరున్నారు, పేర్లు ఇక్కడ రాయం, ఇళ్లకు వెళ్లి నెమ్మదిగా మాట్లాడుతున్నాం. మతం అడగకుండానే కూలీలందరికీ ఇప్పించాం, కొంతమంది సభ్యులు దాని మీద ప్రశ్నించారు. ఆకలికి మతం ఉండదు కాబట్టి వచ్చే ఏడు కూడా అడగం.

కోతలకు వెళ్లే అక్కచెల్లెళ్లు ఇంటికి చేరేసరికి చీకటి పడుతోందని స్లీవ మార్గం రాత్రి ఎనిమిదికి మార్చాం. బరువు పని చేసేవాళ్లు ఉపవాసం ఉండి కళ్లు తిరిగి పడాల్సిన అవసరం లేదని విచారణ గురువులు పూజలోనే స్పష్టంగా చెప్పడం మేలు చేసింది.

పాస్క (ఈస్టర్) పండుగ మర్నాడు, ఏప్రిల్ 21న ఫ్రాన్సిస్ పోపు గారు కన్నుమూశారు. ఆయన ఆత్మశాంతికి పూజ, జపమాల జరిపాం. మే 8న ఎన్నికైన లియో 14వ పోపు గారు ఆ పేరు ఎందుకు పెట్టుకున్నారో యువతకు ప్రత్యేకంగా చెప్పుకున్నాం: 1891లో కార్మికుల హక్కుల గురించి, న్యాయమైన కూలి గురించి విశ్వలేఖ (పోపు లోకంలోని విశ్వాసులందరికీ రాసే లేఖ) రాసిన లియో 13వ పోపు గారిని గుర్తు చేసుకుంటూ. మన మిర్చి చేల గొడవకు రోము నుంచి బలం దొరికినట్టు అనిపించింది.

సెప్టెంబర్ 7న పునీతులుగా ప్రకటించబడిన ఇటలీ యువకులు ఫ్రస్సాటి, కార్లో అక్యూటిస్ ఇద్దరూ కుర్రవయసులోనే చనిపోయినవాళ్లు. ఫ్రస్సాటి ఎంతమంది బీదలకు సాయం చేశాడో 1925లో ఆయన అంత్యక్రియలకు వచ్చిన జనాన్ని చూశాకే ఇంట్లోవాళ్లకు తెలిసింది. ఇది విన్న మన కుర్రాళ్లు వలస కూలీలకు ఆధార్, బ్యాంకు ఖాతా పనులు ఫోన్లో చేసిపెట్టడం మొదలుపెట్టారు, ఎవరూ చెప్పకుండానే.

మంచాన పడ్డవాళ్లకు దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర అప్పం) తీసుకెళ్లే ఏర్పాటు మాత్రం సరిగా సాగడం లేదు. బండి ఉండి, ఆదివారం పూజ తర్వాత ఒక గంట ఇవ్వగలిగినవాళ్లు కావాలి, దయచేసి కార్యదర్శికి పేర్లు ఇవ్వండి.

చేబదుళ్ల నిధి వచ్చే కోతలకు జనవరిలోనే సిద్ధం చేయాలని కమిటీ ప్రతిపాదన. పద్దుల పుస్తకం పూజ తర్వాత కోశాధికారి దగ్గర ఉంటుంది, ప్రతి పైసా చూసుకోవచ్చు, అడగొచ్చు.