నాటిన లెక్క సరే, బతికిన లెక్క ఏది?

ఎడిటర్ గారికి నమస్కారం,

వానలు మొదలవగానే మీ పేపర్లో మొక్క నాటుతున్న ఫోటోలు వరసపెట్టి వస్తాయి, సంతోషమే. కానీ చెట్టు ఎందుకు అని ఎవర్నడిగినా ఆక్సిజన్ అని స్కూల్ పాఠం అప్పజెప్పి ఊరుకుంటారు. వీధిలో ఉండేవాళ్ళకి ముందు తెలిసేది చల్లదనమండీ. తారు రోడ్డు, కాంక్రీటు గోడలు పగలంతా ఎండని తాగి రాత్రంతా వేడి కక్కుతాయి, అందుకే ఊరి బయట కాస్త చల్లబడ్డా టౌన్ మధ్యలో ఉక్క తగ్గదు. చెట్టుంటే ఆ ఎండ రోడ్డు మీద పడకుండానే ఆగిపోతుంది, పైగా వేళ్ళు లాగిన నీళ్ళు ఆకుల్లోంచి ఆవిరవుతాయి కదా, ఒక్క లీటరు ఆవిరవ్వాలంటే సుమారు 2,400 కిలోజౌల్స్ వేడి కావాలి, అదంతా చుట్టూ ఉన్న గాలి నుంచీ ఎండ నుంచీ తీసుకుంటుంది. మన ఏసీలేమో గదిలో వేడిని తీసుకెళ్ళి వీధిలో పోస్తాయి, పక్కింటివాడి ఖర్మ!

వాన నీళ్ళూ అంతే, ఆకుల మీద కొంత ఆగి, వేళ్ళు గుల్ల చేసిన మట్టిలో కొంత ఇంకి, డ్రైనేజీ మీద లోడ్ తగ్గుతుంది. 1984లో రోజర్ ఉల్రిచ్ అనే ఆయన సైన్స్ పత్రికలో రాసింది ఇంకా ఆశ్చర్యం, గాల్‌బ్లాడర్ ఆపరేషన్ అయిన పేషెంట్లలో కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్ళు, ఇటుక గోడ మాత్రమే కనిపించినవాళ్ళకంటే త్వరగా డిశ్చార్జ్ అయ్యారట, గట్టి పెయిన్‌కిల్లర్లు కూడా తక్కువే వాడారట.

ఇవన్నీ ఇచ్చేది ఎదిగిన చెట్టు, జానెడు మొక్క కాదు. రోడ్డు వెడల్పు కోసం ఒక మాను కొట్టేసి దానికి బదులు పది మొక్కలు పెడతాం అంటే లెక్క సరిపోయినట్టు ఎలా అవుతుందో నాకర్థం కాదు, ఆ నీడ తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది, అదీ బతికితే. నాటేటప్పుడు నల్ల కవరు కూడా తీయకుండా గుంటలో దించేస్తారు, వేళ్ళు అందులోనే చుట్టలు చుట్టుకుపోతాయి. మొదటి రెండు మూడేళ్ళు ఎండాకాలం నీళ్ళు పోసే నాథుడుండడు. ఎలాగో బతికిందే అనుకోండి, మొదలు చుట్టూ సిమెంటు పోసేస్తారు, ఇనప ట్రీగార్డ్ తీసేవాళ్ళు లేక అది బెరడులోకి దిగబడిపోయి ఉంటుంది, ఆ పైన ట్యూషన్ బోర్డులకి మేకులు.

ఇంకోటి, త్వరగా పెరుగుతుందని ఊరంతా ఒకే రకం పెట్టకండి. అమెరికాలో, యూరప్‌లో వీధుల నిండా ఎల్మ్ చెట్లే పెంచుకుంటే డచ్ ఎల్మ్ తెగులొచ్చి వీధులకి వీధులు బోడి అయిపోయాయి.

మీ పేపర్‌కి ఒక రిక్వెస్ట్. నాటిన రోజు ఫోటో ఎలాగూ వేస్తారు, మూడేళ్ళ తర్వాత అదే చోటికి మీ రిపోర్టర్‌ని పంపి ఎన్ని బతికున్నాయో వార్డుల వారీగా లెక్క వేయించి, ఆ పాత ఫోటో పక్కనే ప్రింట్ చేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు