మాన్యువల్‌లో లేని పనులకు బిల్లా?

సంపాదకులకు నమస్కారం.

పెట్రోలు ఇంజిన్‌తో పాటు కరెంటు మోటారూ ఉన్న మా హైబ్రిడ్ కారును సర్వీసింగుకు ఇస్తే డీలర్ రాసిచ్చిన అంచనాలో ఇంజిన్ ఫ్లషింగ్ (లోపలి మడ్డి కడగడం), ఇంధనం చిమ్మే ఇంజెక్టర్ల శుభ్రత, బ్రేక్ ప్యాడ్ల మార్పు కనిపించాయి. కారుతో ఇచ్చిన మాన్యువల్ తెరిచి చూపించాను. మొదటి రెండూ అందులో లేనే లేవు. ప్యాడ్ల మందం కొలిచి చూపమంటే, ఇంకా చాలా ఉందని వాళ్లే ఒప్పుకున్నారు. ఉండదా మరి! హైబ్రిడ్‌లో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చేసి ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది, ప్యాడ్లు నెమ్మదిగా అరుగుతాయి.

అసలు చూడాల్సిన దాని మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. చాలా మోడళ్లలో పెద్ద బ్యాటరీని చల్లబరిచే గాలి వెనుక సీటు దగ్గరి జాలీ గుండా వెళ్తుంది. అది దుమ్ముతో పూడుకుపోతే బ్యాటరీ వేడెక్కి ఆయుష్షు తగ్గుతుంది. సీటు మీద సామాను పెట్టి దాన్ని మూసేసేవారిని చూస్తే బాధేస్తుంది.

ఆయిలు, ఎయిర్ ఫిల్టరు నమ్మకమైన మెకానిక్ ఎవరైనా మార్చగలరు. రసీదులు భద్రపరచుకోవాలి. నారింజ రంగు హై వోల్టేజ్ తీగల జోలికి మాత్రం శిక్షణ పొందినవారే వెళ్లాలి.

బిల్లులో ప్రతి పని పక్కనా అది మాన్యువల్‌లో ఉందో లేదో డీలర్లు తప్పనిసరిగా రాయాలి.

ఇట్లు,
ఒక హైబ్రిడ్ కారు యజమాని