18 దాటితే వ్యాయామం అక్కర్లేదా?

సంపాదకులు గారికి,

సెరిబ్రల్ పాల్సీ (మెదడుకు తగిలిన దెబ్బ వల్ల ఒంటి కదలికలు దెబ్బతినే స్థితి) ఉన్న పిల్లలకు బడి ఈడు వరకు మన దగ్గర ఎంతో కొంత ఆసరా ఉంది. మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు చదువు, ఫిజియోథెరపీ అందించే భవిత కేంద్రాలున్నాయి. బడికి రాలేని పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెబుతున్నారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్యం ఉంది. అయితే అది 18 ఏళ్ల వరకే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఇచ్చిన ఉచిత విద్య హక్కు కూడా 6 నుంచి 18 ఏళ్ల వరకే. ఆ తర్వాత సంగతి కన్నవాళ్ల ఖర్మకు వదిలేశాం.

కడుపులో ఉండగానో, కాన్పులోనో మెదడుకు తగిలిన దెబ్బ వయసుతో ముదరదు, నిజమే. కానీ ఒళ్లు ఎదుగుతుంది. యుక్తవయసులో ఎముకలు పెరిగినంతగా బిగుసుకున్న కండరాలు సాగవు. కీళ్లు ముడుచుకుపోతాయి, కొందరికి తుంటి కీలు పక్కకు జరుగుతుంది, నొప్పులు మొదలవుతాయి. సరిగ్గా ఆ వయసులోనే వ్యాయామం చేయించే మనిషి కనబడకుండా పోతున్నాడు. పిల్లల డాక్టరు ‘ఇక పెద్దవాళ్ల డాక్టరుకు చూపించండి’ అంటారు. ఆ డాక్టరు కోనసీమలో ఎక్కడున్నారో చెప్పినవారు నాకింతవరకు తారసపడలేదు. పదేళ్ల బిడ్డను చంకనెత్తుకున్న తల్లి ఇరవై ఏళ్ల కొడుకును మంచం మీద నుంచి లేపగలదా?

మా మేనల్లుడు అలాంటి యువకుడే. మాట తడబడుతుంది గానీ తెలివికి లోటు లేదు. ఖాతా తెరవడానికి వెళ్తే బ్యాంకులో వాడి వంక చూడను కూడా చూడకుండా, ‘సంరక్షకుడి పత్రం ఉందా?’ అని నన్ను అడిగారు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టరు అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ, తన తరఫున నిర్ణయాలు తీసుకోలేనివారికి సంరక్షకుడిని నియమిస్తూ ఆ పత్రం ఇస్తుంది. అవసరమైనవారికి ఇవ్వాల్సిందే. తన మంచిచెడ్డలు తాను చెప్పుకోగలిగినవాడిని పట్టుకుని అదెందుకు అడగాలి?

దివ్యాంగుల పింఛను నెలకు 6 వేలు, పూర్తిగా మంచాన పడ్డవారికి 15 వేలు చేశారు. మేలే, కాదనను. కానీ లంక గ్రామంలో ఉన్న తల్లి ఆ డబ్బు పెట్టి ఎవరిని పిలిపించుకోవాలి?

కొత్త భవనాలు కట్టమనడం లేదు. బడి వేళ దాటాక భవిత కేంద్రాలను వారానికి రెండు సాయంత్రాలైనా 18 దాటినవారి కోసం తెరిచి, ఫిజియోథెరపిస్టును ఉంచితే చాలు. కలెక్టరు గారి కమిటీ అమలాపురంలోనే కూర్చోకుండా మండలాలకు రావాలి. చక్రాల కుర్చీతో పంటు మీద గోదావరి దాటి, ఆటో మాట్లాడుకుని రావడమంటే మాటలు కాదు. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల వరకు వైద్యం ఖర్చు వస్తుంది, థెరపీకి కూడా. దానికి వయసు పరిమితి లేదు. ఆ సంగతి తెలిసిన కుటుంబాలే తక్కువ. నెల మొదట్లో పింఛను ఇవ్వడానికి సచివాలయ సిబ్బంది ఎలాగూ ఇంటికి వస్తున్నారు. నిరామయ దరఖాస్తు కూడా వారితోనే నింపించవచ్చు.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
రాజోలు మండలం, కోనసీమ జిల్లా